దీవుల గొడవ దీవులదే, లాంచీల దారి లాంచీలదే

"యూఏఈకి ఇరాన్‌తో దీవుల గొడవ ఉంది కదా, మరి దుబాయ్ నుంచి ఇరాన్‌కి అంత సరుకు ఎలా పోతుంది? మా తమ్ముడికి అలాంటి కంపెనీలో ఉద్యోగం వచ్చింది, పంపొచ్చా?" అని అడిగారు.

మాది జగిత్యాల దగ్గర పల్లె. 2009 నుంచి 2016 దాకా దుబాయ్‌లోని దేరాలో, క్రీక్ (ఊళ్లోకి చొచ్చుకొచ్చిన సముద్రపు పాయ) పక్కనే ఒక ట్రేడింగ్ కంపెనీలో స్టోర్‌కీపర్‌గా చేశాను. ఫ్రిజ్‌లు, టైర్లు, టీ పెట్టెలు లెక్కపెట్టి లాంచీకి ఎక్కించడం నా పని. రాత్రి బయల్దేరితే మర్నాటికి ఇరాన్ రేవు బందర్ అబ్బాస్.

మా అర్బాబ్‌ది (యజమానిది) యూఏఈ పాస్‌పోర్టే, కానీ ఇంట్లో మాట్లాడేది ఫార్సీ. తాతలది అవతలి ఒడ్డున, ఇరాన్‌లోని లింగె రేవు. 1900 తర్వాత ఇరాన్ అక్కడ కస్టమ్స్ సుంకాలు బిగించింది. ఇటు దుబాయ్ షేక్ సుంకం ఎత్తేశాడు. ఇంకేముంది, వ్యాపారులు పెట్టేబేడా సర్దుకుని ఇటు వచ్చేశారు. ఇరాన్‌లోని బస్తక్ నుంచి వచ్చినవాళ్లు కట్టుకున్న పేటే బస్తకియా, ఇప్పుడు టూరిస్టులు ఫొటోలు దిగేది అక్కడే. అంటే వీళ్లలో చాలామందికి ఇది విదేశీ వ్యాపారం కాదు, చుట్టాలతో బేరం.

దీవుల సంగతి నిజమే. 1971 నవంబర్ 30న, యూఏఈ ఏర్పడటానికి రెండు రోజుల ముందు, ఇరాన్ రాజు షా సైన్యం అబూ మూసా, రెండు తుంబ్‌లు అనే దీవుల్లో దిగింది. అవి తమవని యూఏఈ అంటుంది. అది ఇప్పటికీ తెగలేదు. మా ఆఫీసులో ఆ ఊసే ఎత్తేవాళ్లు కాదు. కాగితాల మీద సముద్రం పేరు ఇరాన్‌వాళ్లు అనే 'పర్షియన్ గల్ఫ్' అని రాయాలా, అరబ్బులు అనే 'అరేబియన్ గల్ఫ్' అని రాయాలా అన్న తంటా లేకుండా ఉత్త 'గల్ఫ్' అని రాసేవాళ్లం!

మమ్మల్ని దెబ్బకొట్టింది దీవులు కాదు, బ్యాంకులు. 2012 మార్చిలో ఇరాన్ బ్యాంకులను స్విఫ్ట్ (దేశాల మధ్య బ్యాంకులు డబ్బు పంపకానికి వాడే నెట్‌వర్క్) నుంచి తీసేశారు. ఎల్సీలు, అంటే సరుకు డబ్బుకి బ్యాంకు ఇచ్చే హామీ పత్రాలు, ఆగిపోయాయి. అక్టోబర్‌లో ఇరాన్ కరెన్సీ రియాల్ కుప్పకూలింది. పొద్దున ఒప్పుకున్న రేటు సాయంత్రానికి పనికొచ్చేది కాదు. కొన్నవాళ్లు డబ్బు పంపలేక, మేం సరుకు వదల్లేక గోడౌన్ నిండిపోయింది. నాకు రెండు నెలల జీతం ఆగింది, రూమ్‌మేట్ దగ్గర అప్పు చేసి ఇంటికి పంపాను. ఆ టెన్షన్ పగవాడికి కూడా వద్దు. తర్వాత నగదు దిర్హమ్‌ల మీద, హవాలా మీద మెల్లగా బండి లాగారు.

2016 జనవరిలో టెహ్రాన్‌లో సౌదీ ఎంబసీని తగలబెట్టారు. సౌదీ తెగతెంపులు చేసుకుంది, యూఏఈ కూడా రాయబారిని వెనక్కి పిలిచింది. ఆ వారం కూడా నేను లాంచీకి సరుకు ఎక్కించాను. యూఏఈ రాయబారి 2022లో మళ్లీ టెహ్రాన్ వెళ్లాడు, సౌదీతో రాజీ 2023 మార్చిలో బీజింగ్‌లో కుదిరింది.

మీ తమ్ముడిని పంపొచ్చు. కాకపోతే ఆ కంపెనీ సరుకంతా ఇరాన్‌కేనా, ఆఫ్రికాకి కూడా పోతుందా, జీతం బ్యాంకులో వేస్తారా చేతికిస్తారా అని ముందే కనుక్కోండి. అక్కడ పనిచేసే మనవాళ్లనే అడగండి, ఏజెంట్‌ని కాదు.