పళ్ల క్లిప్పులకు లేజర్ పెట్టిస్తే సగం సమయంలో అయిపోతుందా?

మీ అమ్మాయి పెళ్లిలోపు క్లిప్పులు తీసేయాలని, డాక్టర్ అదనపు ఫీజుతో లేజర్ సూచించారని రాశారు కదండీ. ముందుగా, అది కాలుతుందేమో అన్న టెన్షన్ వద్దు. ఇది కోసే లేజర్ కాదు, తక్కువ శక్తిది. చిగుళ్ల మీద పెడితే ఆ కాంతి ఎముక కణాలను చురుకు చేస్తుంది. పన్ను జరగాలంటే ముందు ఒకవైపు ఎముక కరగాలి, వెనక కొత్తది పోసుకోవాలి. ఆ పని కాస్త వేగంగా సాగుతుందని ఆశ. లేజర్ పెట్టేటప్పుడు కళ్లకు రక్షణ అద్దాలు మాత్రం తప్పనిసరి.

కానీ సగం సమయం అన్న మాట నమ్మకండి. 2004లో 11 మందిపై చేసిన అధ్యయనంలో కోరపన్ను సుమారు 34 శాతం వేగంగా జరిగింది. తర్వాతి ఫలితాలు ఒక్కలా లేవు. పైగా పన్ను నెలకు మామూలుగా జరిగేదే సుమారు 1 మిల్లీమీటరు, కాబట్టి వేగం పెరిగినా ఆ తేడా చిన్నదే.

ఎన్ని సిట్టింగులు, మొత్తం ఖర్చెంత, నిజంగా ఎన్ని నెలలు తగ్గుతాయి అని డాక్టర్‌ని సూటిగా అడగండి. నేనైతే ఆ డబ్బు పెట్టను. అపాయింట్‌మెంట్లు తప్పకుండా, బ్రాకెట్ (పంటికి అంటించే చిన్న ముక్క) ఊడకుండా చూసుకోండి, ఆలస్యం ఎక్కువగా అక్కడే. నొప్పికి ఐబుప్రోఫెన్ తరచూ వాడితే పన్ను కదలిక తగ్గవచ్చు, పారాసిటమాల్ సరిపోతుందేమో డాక్టర్‌నే అడగండి. పని మిగిలినా, పెళ్లి రోజులకు వైరు తీసి మళ్లీ వేయడం కుదురుతుందేమో కనుక్కోండి.