అచ్చం నిజం చెయ్యిలా ఉండే సిలికాన్ చెయ్యి పెట్టిస్తే మా తమ్ముడు మళ్ళీ నలుగురిలోకి వస్తాడా?

మెషిన్‌లో చెయ్యి పోయాక మీ తమ్ముడు ఆరు నెలలుగా గడప దాటడం లేదని రాశారు. నాదీ అదే కథ. ఆదోనిలో ఒక జిన్నింగ్ మిల్లులో పనిచేస్తుండగా నా ఎడమ చెయ్యి మణికట్టు దాకా పోయింది. ఆ తర్వాత ఏడాదిపాటు ఎండాకాలంలో కూడా ఫుల్ హ్యాండ్స్ చొక్కా, జేబులో చెయ్యి.

సిలికాన్ చెయ్యి బెంగళూరులో చేయించుకున్నాను. మొండి చేతికి అచ్చు తీసి, కుడిచేతిని చూస్తూ రంగు, నరాలు, గోళ్ళు, కీళ్ళ మీది ముడతలతో సహా దిద్దారు. అది తొడుక్కుని మొదటిసారి బస్సెక్కిన రోజు పక్క సీటాయన "టైమెంతైంది?" అని అడిగాడు. "చేతికేమైంది?" అనలేదు. పెట్టిన డబ్బంతా ఆ ఒక్క ప్రశ్నతోనే తిరిగొచ్చినట్టనిపించింది.

అయితే ఆ వేళ్ళు కదలవు, దేన్నీ పట్టుకోవు. కాగితం జరక్కుండా అదిమి పెట్టడానికి పనికొస్తుంది, అంతే. కాలు పోయినవాళ్ళ సంగతి వేరు. 1960ల చివర్లో వచ్చిన జైపూర్ ఫుట్ అనే కృత్రిమ పాదంతో చెప్పుల్లేకుండా నడవొచ్చు, గొంతుక్కూర్చోవచ్చు. మన చేతికి అంత పని రాదు.

ఇంకో సంగతి. నాకు రంగు కలిపింది చలికాలంలో. మే వచ్చేసరికి కుడిచెయ్యి ఎండకు మాడి నల్లబడింది, సిలికాన్ చెయ్యేమో నీడపట్టున పెరిగిన జమీందారు బిడ్డలా మెరిసిపోతోంది. రెండూ పక్కపక్కన పెట్టి చూసి మా అమ్మ పడిపడి నవ్వింది, నేనూ నవ్వాను. నా చెయ్యి గురించి మా ఇంట్లో ఎవరైనా నవ్వడం అదే మొదటిసారి. అంతకుముందు ఆ మాటెత్తితేనే అందరూ లేచి వెళ్ళిపోయేవాళ్ళు.

నొప్పి మాత్రం ఆ చెయ్యితో తగ్గలేదు. లేని వేళ్ళు బిగుసుకుపోయి రాత్రిళ్ళు నిద్ర ఉండేది కాదు. పిచ్చి పట్టిందేమో అనుకుని ఎవరికీ చెప్పలేదు. చివరికి ఫిజియోథెరపిస్ట్ అద్దం తెచ్చాడు. వి.ఎస్. రామచంద్రన్ అనే న్యూరో సైంటిస్ట్ 1990ల్లో కనిపెట్టిన పద్ధతి అది. అద్దంలో కుడిచెయ్యే ఎడమచెయ్యిలా కనిపిస్తుంది. దాన్ని తెరుస్తూ మూస్తూ ఉంటే లేని పిడికిలి వదులైనట్టుంటుంది. అందరికీ పనిచేయదంటారు, నాకు కొన్ని వారాల్లో తేడా తెలిసింది. మీ తమ్ముడికీ రాత్రిళ్ళు ఇలా ఉందేమో అడగండి, తనంతట తను చెప్పడు. దిగులు ఎక్కువగా ఉంటే 14416కి ఫోన్ చేయించండి, టెలీ మానస్ అని ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ అది, వాళ్ళు తెలుగులోనే మాట్లాడతారు.

అన్నట్టు, చెయ్యి కావాలన్నది తనా, మీరా? పెళ్లిచూపులకు తొడుక్కుని రమ్మని మా నాన్న పట్టుబట్టాడు. నేను తీసి ఇంట్లోనే పెట్టి వెళ్ళాను. ఇప్పుడు పెళ్ళిళ్ళకు, బ్యాంకుకు తొడుక్కుంటాను, ఇంట్లో తొడగను. చెమటకు లోపల దురద, పైగా పసుపు మరక పడితే ఒక పట్టాన పోదు.

చేయించేటట్టయితే రంగు కలిపేది ఏ నెలలోనో చూసుకోండి.