ఏ దోమ, అమ్మాయ్?

అమ్మాయికి ఆశీస్సులు.

నీ వ్యాసం అంది ఇరవై రోజులైంది. జవాబు ఆలస్యానికి కారణం నా బద్ధకం కాదు, నీ నాలుగో పేజీ. "పసిఫిక్ సముద్రంలోని టోకెలావ్ దీవుల ప్రజలు రాత్రిపూట దోమతెర కట్టుకుని ఉంటే బోదకాలు బెడద ఉండేదే కాదు" అని రాశావు. అది చదివి కాగితాలు మడిచి బీరువా మీద పడేశాను. మళ్లీ తీసింది నిన్ననే.

ఏ దోమ, అమ్మాయ్? మన మురుగుకాల్వల్లో పుట్టే క్యూలెక్స్ అయితే రాత్రి కుడుతుంది, తెర పనికొస్తుంది. టోకెలావ్‌లో బోదకాలు మోసేది ఈడిస్ పాలినేసియెన్సిస్. అది పగటి దోమ. కొబ్బరితోటలో పని చేసుకుంటున్నవాణ్ణి, నీడన కూర్చుని చాప అల్లుకుంటున్నదాన్ని కుడుతుంది. రాత్రి నువ్వు ఎన్ని తెరలు కట్టుకుంటే దానికేం?

మాది గోదావరి జిల్లా. చిన్నప్పుడు బోదకాలు పరీక్ష చేసే ఫైలేరియా వాళ్లు మా వీధికి రాత్రి తొమ్మిది దాటాకే వచ్చేవారు. టార్చిలైటు వేసి, పడుకున్నవాళ్లని లేపి, వేలి మీద సూదితో పొడిచి, గాజుపలక మీద రక్తం రాసుకునేవారు. మా నాయనమ్మ కుడికాలు మోకాలి దాకా రోలులా ఉండేది. "పగలంతా ఏం చేస్తార్రా, దొంగల్లా ఈ వేళప్పుడు వస్తారు?" అని తిట్టేది. ఎందుకు రాత్రో నాకు చాలా ఏళ్లకు తెలిసింది. బోదకాలు తెచ్చే సన్న పురుగులు పగలు ఊపిరితిత్తుల రక్తనాళాల్లో దాక్కుని, దోమ కుట్టే వేళకి పైరక్తంలోకి వస్తాయి. టోకెలావ్ ఉన్న పాలినేషియాలో అదే జాతి పురుగు పగలు కూడా రక్తంలో తిరుగుతుంది, మధ్యాహ్నం దాటాక ఇంకాస్త ఎక్కువ. పురుగు తన దోమ టైం నేర్చుకుంది. నువ్వు నేర్చుకోలేదు.

ఎలుక కొరికి రాల్చిన కొబ్బరికాయ, అందులో చేరిన వాననీళ్లు, ఆ నీళ్లలో తలకిందులుగా వేలాడే దోమ పిల్లలు. ఆ పేరా బాగుంది. వెంటనే "మానవాళి దోమలపై యుద్ధం ప్రకటించింది" అని దాన్ని తగలేశావు. ఎవరు ప్రకటించారు, ఎక్కడ? నాకు ఇలాంటివి చూస్తే ఒళ్లు మండుతుంది, దానికో పాత కథ ఉంది. ముప్పై ఏళ్ల కిందట ఒక వారపత్రిక ఎడిటరు నా వ్యాసంలో "తోకతో గాలి పీల్చుకుంటూ వేలాడే పురుగులు" అన్నది కొట్టేసి "డింభకాలు" అని పెట్టాడు. అడిగితే "కాస్త శాస్త్రీయంగా ఉండాలండీ" అన్నాడు. అచ్చులో చూసి మా ఆవిడ "డింభకాలంటే కొత్త జబ్బా?" అంది. ఇప్పటివాళ్లకి శాస్త్రీయం కూడా అక్కర్లేదు, "కిల్లర్ దోమ" చాలు.

అసలు కథని మాత్రం రెండు లైన్లలో తేల్చేశావు. మార్షల్ లెయిర్డ్ అనే న్యూజిలాండ్ ఆయన 1958లో సింగపూర్ నుంచి సీలోమోమైసిస్ అనే బూజుని పట్టుకెళ్లి టోకెలావ్‌లోని నుకునోను దీవిలో, దోమ పిల్లలుండే నీళ్లలో వేశాడు. అది దోమ పిల్ల ఒంట్లో పెరిగి దాన్ని చంపుతుంది. అందరూ డీడీటీ డబ్బాలు పట్టుకు తిరిగే రోజుల్లో ఈయన దోమకే జబ్బు అంటించబోయాడు! దీవే ఎందుకు? ఒకవైపు అటాఫు, మరోవైపు ఫకావోఫో, మధ్యలో పదుల కిలోమీటర్ల సముద్రం. వేసింది వేసిన చోటే ఉంటుంది, వెయ్యని దీవితో పోల్చి చూసుకోవచ్చు. ఇది నువ్వు రాయాలి కదా. "ప్రయోగం విజయవంతమైంది" అన్నావు. ఏం విజయం? బూజు నిలదొక్కుకుంది, దోమలు పోలేదు. ఆ జాతి బూజు బతుకు సాగడానికి మధ్యలో మరో నీటి ప్రాణి కావాలని, అది ఒకప్పుడు మన దగ్గర నారికురుపు మోసిన సైక్లాప్స్‌కి చుట్టమని, 1974 దాకా ఎవరికీ తెలియదు. పదహారేళ్లు! ఆ పదహారేళ్లు నీ వ్యాసంలో ఎక్కడ?

నేనేదో పుట్టుకతో తెలిసినవాణ్ణని అనుకోకు. నా మొదటి వ్యాసంలో మలేరియా దోమ మురుగులో పుడుతుందని రాశాను. అచ్చయిన వారానికి ఒక మలేరియా ఇన్‌స్పెక్టరు కార్డు రాశాడు, ఒకసారి రమ్మని. వెళ్తే ఊరి చివర కుంట పక్కన నన్ను బోర్లా పడుకోమన్నాడు. తెల్లచొక్కాతో పడుకున్నాను. తేట నీళ్ల మీద గడ్డిపరకల మధ్య పుల్లముక్కల్లా అడ్డంగా తేలుతున్నాయి అనాఫిలిస్ పిల్లలు. తర్వాత కాల్వ దగ్గరికి తీసుకెళ్లి తలకిందులుగా వేలాడేవాటిని చూపించాడు. ఏ దోమ, ఏ నీళ్లు, ఎన్ని గంటలకు. ఆ మూడూ తెలియకుండా అప్పట్నుంచి నేను దోమ అన్న మాట రాయలేదు. పత్రికలు రెండుసార్లు "ఇంత వివరం ఎందుకు" అని తిప్పి పంపాయి. పంపనీ.

"మాస్టారూ, కలం పేరు పెట్టుకోనా?" అని అడిగావు. ముందు నాలుగో పేజీ తిరగరాయి. ఈసారి కవరు మీద స్టాంపులు సరిపడా అంటించు. పోస్ట్‌మాన్ నా దగ్గర పదిహేను రూపాయలు వసూలు చేశాడు.