రాజీనామా అనే మాట రానివ్వకు, పాపా

ఆదోని

చిరంజీవి పాపకు పెద్దనాయన ఆశీస్సులు.

మీ కంపెనీ చేతులు మారుతోందని, పనిచేసే వాళ్లందరి కాగితాలు సిద్ధం చేసే బాధ్యత మేనేజరు నీ నెత్తిన పెట్టాడని మీ నాయన నిన్న ఫోన్లో చెప్పాడు. "రెండు వందల పైచిలుకు మంది ఫైళ్లు మన పాప చేతిలో ఉన్నాయన్నా" అని ఒకటే సంబరం. నాకూ గర్వంగానే ఉంది, కాదనను. మన ఇంట్లో ఆఫీసు కుర్చీలో కూర్చున్న మొదటి ఆడపిల్లవు నువ్వే. కానీ ఫోన్ పెట్టేశాక నాకు నిద్ర పట్టలేదు. హాజరు లెక్కలు రాసే టైం ఆఫీసులోనే తల నెరిసినవాణ్ని కదా, ఇట్లాంటి అమ్మకాల్లో ఎవరి కొంప ఎక్కడ మునుగుతుందో చూసినవాణ్ని. అందుకే ఈ ఉత్తరం. పొడుగైందని విసుక్కోకుండా చదువు.

మొదట మీ మేనేజర్ని ఒక్క మాట అడుగు: అమ్మింది వాటాలా, వ్యాపారమా? ఇది తేలకుండా ఒక్క కాగితం కూడా టైపు చేయొద్దు. 2024 డిసెంబరులో ఇండియా సిమెంట్స్ అల్ట్రాటెక్ చేతికి పోయింది చూడు, మన కడప జిల్లా చిలంకూరు ఫ్యాక్టరీ ఆ కంపెనీదే. అక్కడ చేతులు మారింది వాటాలు. ఉద్యోగం ఇచ్చిన కంపెనీ అదే. అలాంటప్పుడు పాత నియామక పత్రాలు అట్లాగే చెల్లుతాయి, కొత్తవి ఎవరైనా ఇవ్వమంటే ఎందుకని అడగాలి. 2004లో ఎల్ అండ్ టీ తన సిమెంటు వ్యాపారాన్నే విడదీసింది. తాడిపత్రి దగ్గర భోగసముద్రం ఫ్యాక్టరీ అందులో పోయింది. అది రెండో రకం. అక్కడ జీతమిచ్చే సంస్థ పేరే మారిపోతుంది. మీది రెండో రకమైతేనే నీకు అసలు పని.

వ్యాపారం చేతులు మారితే ప్రతి మనిషికీ ఒక బదిలీ పత్రం ఇవ్వాలి. అందులో మూడు సంగతులు సూటిగా ఉండాలి. సర్వీసు ఎక్కడా తెగలేదని ఒకటి. జీతం, సెలవులు, మిగతా షరతులు ఇదివరకటికంటే తగ్గవని ఒకటి. రేపెప్పుడైనా కొత్త యజమాని పనిలోంచి తీసేస్తే పాత సర్వీసు కూడా కలిపి లెక్కకట్టి పరిహారం ఇస్తాడని ఇంకొకటి. ఇది నా సొంత తెలివేమీ కాదు. 1947 పారిశ్రామిక వివాదాల చట్టంలో 25ఎఫ్‌ఎఫ్ సెక్షన్ ఇదే చెప్పేది. 2025 నవంబరు 21 నుంచి పారిశ్రామిక సంబంధాల కోడ్ అమల్లోకి వచ్చి సెక్షన్ నంబరు మారింది గానీ సారం మారలేదు. ఈ మూడూ కుదరకపోతే, ఏడాది నిండిన ప్రతి పనివాడికీ నోటీసు, ఏడాదికి పదిహేను రోజుల సగటు జీతం చొప్పున పరిహారం దక్కాలి. లాయరు పంపే డ్రాఫ్టులో ఈ మూడు వాక్యాల్లో ఏది తగ్గినా వెనక్కి పంపు. హైదరాబాదు లాయరని జంకొద్దు. ఆయనకు మీ వాచ్‌మెన్ ఏ సంవత్సరం చేరాడో తెలీదు, నీకు తెలుసు.

ఇక అసలు సంగతి. ఎవరి దగ్గరా రాజీనామా తీసుకోవద్దు. "ఊరికే ఫార్మాలిటీ" అంటారు. నీ చేతులు పట్టుకుని చెప్తున్నాననుకో, తీసుకోవద్దు.

1990ల చివర్లో నేను పనిచేసే నూనె మిల్లు అమ్ముడుపోయింది. కొత్త యజమాని వెంట ఒక అకౌంటెంటు వచ్చాడు. మనిషి మంచివాడే, మాట మెత్తన. అందరూ రాజీనామా చేసి మళ్లీ కొత్తగా చేరినట్టు కాగితాలుంటే లెక్కలు శుభ్రంగా ఉంటాయన్నాడు. మా పాత మేనేజరు సరేనన్నాడు. తలనొప్పి వదిలితే చాలు ఆయనకు. సైక్లోస్టైల్ చేసిన కాగితాలు కట్టలుగా వచ్చాయి. "నా సొంత కారణాల వల్ల" అని మొదలై, "నాకు రావలసిన మొత్తమంతా ముట్టినది" అని ముగిసేవి. తేదీ రాయాల్సిన చోటు ఖాళీగా వదిలారు.

టైం ఆఫీసు కిటికీ ముందు జనం లైను కట్టారు. చదువొచ్చినవాళ్లు సంతకం, రానివాళ్లు వేలిముద్ర. ఊదారంగు స్టాంపు ప్యాడులో బొటనవేలు అద్ది, కాగితం మీద నొక్కి, మిగిలిన సిరా తల వెంట్రుకలకు తుడుచుకుంటూ పక్కకు జరిగేవాళ్లు. విత్తనాలు ఏరే సెక్షన్ ఆడవాళ్లు కొంగుకు తుడుచుకునేవాళ్లు. ఆ వారమే బోనసు, మిగిలిన సెలవుల డబ్బు చేతికొచ్చింది కాబట్టి అందరూ సంతోషంగా ఉన్నారు. ఒకామె మాత్రం కాగితాన్ని అటూ ఇటూ తిప్పి "ఏం రాసుండాది సామీ ఇందులో?" అని నన్నడిగింది. నేను నోరు తెరిచేలోగా పక్కనున్న మేనేజరు "బోనసు కాగితంలేమ్మా" అనేశాడు.

తర్వాత తీరిగ్గా తేదీలు నింపారు. రాజీనామా మార్చి 31, కొత్తగా చేరింది ఏప్రిల్ 3. మధ్యలో రెండు రోజులు అక్కడ ఎవరూ ఉద్యోగంలో లేనట్టు. మిల్లు మాత్రం ఒక్క షిఫ్టు కూడా ఆగలేదు.

మూడేళ్లు నిండకముందే వ్యాపారం దెబ్బతిని ఒక సెక్షన్ మూసేశారు. తీసేసిన వాళ్లకు కొత్త యజమాని దగ్గర చేసిన సర్వీసు వరకే పరిహారం లెక్కకట్టారు. పని వదిలేటప్పుడు సర్వీసును బట్టి ఇచ్చే గ్రాట్యుటీ అడిగితే అయిదేళ్లు నిండలేదన్నారు. ఇరవై ఏళ్లు చేసినవాళ్లకు పాపా ఈ మాట! పాత యజమాని దగ్గరికి పోతే "అంతా ముట్టిందని నువ్వే రాసిచ్చావు కదా" అన్నాడు. లేబర్ ఆఫీసుకు పోతే పాత మస్టర్ రోళ్లు, అంటే హాజరు పుస్తకాలు కావాలన్నారు. అవెక్కడివి? చేతులు మారేటప్పుడు పాత రిజిస్టర్లన్నీ తూకానికి అమ్మేశారు.

బాయిలర్ దగ్గర పనిచేసేవాళ్లను వాళ్ల లాగ్ బుక్కు కాపాడింది. ఇన్‌స్పెక్టరు వస్తే చూపించాలని ఆ పుస్తకం బాయిలర్ గదిలోనే ఉండిపోయింది, తూకానికి పోలేదు. మార్చి 31న రాజీనామా చేసిన మనిషి ఏప్రిల్ 1 రాత్రి ప్రెషర్ ఎంతుందో తన చేత్తో ఎట్లా రాశాడని అడిగితే అవతలివాళ్ల దగ్గర జవాబు లేదు. ఇంకొందరికి ట్రంకు పెట్టెలో దాచుకున్న పీఎఫ్ వార్షిక స్లిప్పులు అక్కరకొచ్చాయి. తిరగ్గా తిరగ్గా వాళ్లకు డబ్బు వచ్చింది. విత్తనాలు ఏరే ఆడవాళ్లకు పుస్తకమూ లేదు, స్లిప్పూ లేదు. రోజుకూలీలని చెప్పి వాళ్లను పీఎఫ్‌లోనే చేర్చలేదు. వాళ్లకు పైసా రాలేదు. ఆ కాగితంలో ఏముందని అడిగినామె ఇప్పటికీ మార్కెట్ యార్డు దగ్గర కనబడితే పలకరిస్తుంది. ఆ ఊసు మాత్రం ఎత్తదు.

ఇదంతా పాత కాలం అనుకోకు. లెక్క వేసి చూడు. బేసిక్, డీఏ కలిపి 13,000 వచ్చే మనిషి పన్నెండేళ్లు చేశాడనుకో. 13,000ను 26తో భాగించి, 15తో హెచ్చించి, పన్నెండేళ్లకు కడితే 90,000 గ్రాట్యుటీ. అదే సర్వీసును తొమ్మిదేళ్లు నిండాక తెంపి, పాత లెక్క ఎవరూ తీర్చకుండా వదిలేస్తే, కొత్త యజమాని దగ్గర మూడేళ్లకు వచ్చేది సున్నా. మీ పాత యజమాని ఎల్‌ఐసీలో గ్రూప్ గ్రాట్యుటీ పాలసీ కట్టి ఉంటే అది కొత్త పేరు మీదికి మారుతుందా, లేకపోతే ఆ బరువు ఎవరు మోస్తారు, ఇది అమ్మకం ఒప్పందంలో రాసుండాలి. ఒప్పందం నీకు చూపించకపోవచ్చు. ఆ ఒక్క పేజీ చూపించమని అడుగు.

కంపెనీకి ఇచ్చిన పీఎఫ్ కోడ్ నంబరు మారకపోతే గొడవే లేదు. మారితే పాత కోడ్‌లో మానేసిన తేదీ, కొత్త కోడ్‌లో చేరిన తేదీ పక్కపక్కనే ఉండాలి. నెలాఖరున ముగిస్తే మర్నాడు ఒకటో తేదీన మొదలుకావాలి. పీఎఫ్‌లో మనిషికొకటిగా ఇచ్చే యూఏఎన్ నంబరు అదే ఉంటుంది కదా అని ధీమాగా ఉండొద్దు. నంబరు అదే ఉన్నా పాత ఖాతా డబ్బు కొత్త ఖాతాలోకి బదిలీ అయ్యిందో లేదో ఒక్కొక్కరిదీ చూడాలి. పాత బకాయిలకు అమ్మినవాడూ కొన్నవాడూ ఇద్దరూ బాధ్యులేనని 1952 పీఎఫ్ చట్టమే పెట్టింది, కొన్నవాడికి తన చేతికొచ్చిన ఆస్తి విలువ మేరకు. కాబట్టి చలాన్లు సరిచూడమని కొన్నవాళ్ల మనిషికి నువ్వే చెప్పు, వాళ్లకూ అది అవసరమే. ఇంకొకటి. ఈ సందట్లో సగం మంది నీ టేబుల్ దగ్గరికొచ్చి పీఎఫ్ తీసేసుకుంటామంటారు. అనంతపురం మనుషులు, బోరు ఎండిపోయి ఉంటుంది, ఇంకోటి వేయించాలంటారు. వాళ్ల కష్టం నిజమే. అయినా కూర్చోబెట్టి చెప్పు. పింఛనుకు పదేళ్ల సర్వీసు కావాలి, ఎనిమిదేళ్లకే పింఛను డబ్బు కూడా తీసేసుకుంటే మళ్లీ ఒకటి నుంచి మొదలు. విననివాళ్లు ఉంటారు, ఉండనీ. చెప్పడం నీ వంతు.

పేర్లు, పుట్టినతేదీలు ఇప్పుడే సరిచేయించు. మన వైపు మద్దిలేటి, ఈరన్న, హుసేనప్ప అనే పేర్లు సెక్షన్‌కు ముగ్గురేసి ఉంటారు. మస్టర్‌లో పెద్ద ఈరన్న, ఆధార్‌లో వీరన్న, బ్యాంకులో ఇంకేదో. పుట్టినతేదీ చూస్తే సగం మందికి జూలై 1, బళ్లో పంతులు వేసిన తేదీ అది. ఇట్లాంటి సవరణల్లో కొన్నింటికి యజమాని ఆమోదం కావాలి. అమ్మకం పూర్తయిన మర్నాటి నుంచి పాత యజమాని డిజిటల్ సంతకం పనిచేయదు, ఆయన ఫోనూ ఎత్తడు. అందుకే మిగతా పనులకంటే ముందు దీన్ని పట్టుకో.

చిన్నవి కొన్ని ఉన్నాయి, నీకు తెలిసినవే. ఎవరికెన్ని సెలవులు మిగిలాయో రాసి వాళ్ల చేత సంతకం పెట్టించు. ఈఎస్‌ఐ నంబరు పాతదే కొనసాగించు, కొత్తది పుట్టించొద్దు. సంవత్సరం మధ్యలో మారితే టీడీఎస్ పత్రాలు రెండు వస్తాయని, పాత జీతం వివరాలు కొత్తవాళ్లకు ఇవ్వాలని స్టాఫ్‌కు చెప్పు. నామినేషన్లు మళ్లీ చూడు, పెళ్లికి ముందు అమ్మ పేరు రాసి అట్లాగే వదిలేసినవాళ్లు చాలామంది ఉంటారు. జీతంలోంచి ఎల్‌ఐసీ ప్రీమియం కోత పడేవాళ్ల లిస్టు వేరే తియ్యి. కంపెనీ పేరు మారిన నెలలో ఆ కోత ఆగిపోతుంది, ఎవరూ గమనించరు, పాలసీ మురిగిపోయాక ఏడుస్తారు.

కాంట్రాక్టు మీద పనిచేసేవాళ్లు "మన లిస్టులో రారు" అని మీ మేనేజరు అంటాడు. అననీ. నువ్వు మాత్రం లిస్టు రాయి. ఊడ్చేవాళ్లు, క్యాంటీన్ వాళ్లు, లోడింగ్ వాళ్లు, ఏ కాంట్రాక్టరు కింద, ఏ సంవత్సరం నుంచి, పీఎఫ్ కడుతున్నారా లేదా అన్నీ రాయి. అమ్మకం ఒప్పందంలో అది చేరుతుందో లేదో నీ చేతిలో లేదు. కానీ రేపెవరైనా అడిగితే ఒక కాగితం అయినా ఉండాలి. దీని మీద నాకు పట్టుదల ఎందుకో నీకు చెప్పక్కర్లేదు.

రిజిస్టర్లు అప్పజెప్పేటప్పుడు పేరు పేరునా లిస్టు రాసి రెండు కాపీల మీద కొత్తవాళ్ల సంతకం తీసుకో. పాత మస్టర్లు, జీతాల పుస్తకాలు స్కాన్ చేయించు. వాటిని వాట్సాప్ గ్రూపుల్లో మాత్రం పెట్టకు, జనం ఆధార్ కాపీలవి. బదిలీ పత్రం తెలుగులో కూడా ఉండాలి, ఇచ్చే రోజు షిఫ్టు మారే వేళ అందరి ముందూ గట్టిగా చదివి వినిపించాలి. గొంతు చిన్నదని మొహమాటపడకు. ఖాళీ జాగా ఉన్న కాగితం మీద ఎవరి చేతా సంతకం పెట్టించకు, ఎవరు చెప్పినా సరే. "పెద్దసారే చెప్పాడు" అంటే ఆ మాట మెయిల్లో పెట్టమను.

ఇంత పనిలో నీ ఫైలు ఎవరు చూస్తున్నారే? నీ సంగతి నువ్వు పట్టించుకోవని నాకు తెలుసు. పదో తరగతి పరీక్షలప్పుడు కూడా అందరికీ హాల్ టికెట్లు సర్ది నీది ఇంట్లో మరిచిపోతే మీ నాయన సైకిల్ తొక్కుకుంటూ తెచ్చిచ్చాడు. నీ నియామక పత్రంలో చేరిన తేదీ ఏముందో చూసుకో. మొదటి ఆర్నెల్లు ట్రైనీ అన్నారు కదా, అవి కలిశాయో లేదో చూసుకో, కలవకపోతే ఇప్పుడే అడుగు. నీ బదిలీ పత్రం నువ్వే టైపు చేస్తావు సరే, సంతకం మాత్రం మేనేజరే పెట్టాలి, ఒక కాపీ ఇంట్లో ఉండాలి. కడుపులో మంట అంటూనే ఉంటావు, మధ్యాహ్నం క్యారియర్ తిప్పి పంపిస్తున్నావని మీ అమ్మ చెప్పింది. అన్నం తిని పనిచేస్తే కంపెనీ అమ్ముడుపోకుండా ఏమీ ఆగిపోదు.

లాయరు డ్రాఫ్టు వచ్చాక నాకు ఫోన్ చెయ్యి. కాపీ బయటికి పంపకూడదంటే పంపొద్దు, ఆ మూడు వాక్యాలు చదివి వినిపించు చాలు. సోమవారం పొద్దున మాత్రం చేయకు, కళ్ల డాక్టరు దగ్గర ఉంటాను.

మీ పెద్దనాయన