హ్యాపీ గుడ్ ఫ్రైడే అనకండి బాబూ

ఇంగ్లండ్‌కి కొత్తగా వచ్చినవాళ్ళు మార్చి వచ్చేసరికి నన్నడిగేవి రెండు. యేసు తిరిగి లేచిన పండగ ఈస్టర్‌కి ఎన్ని రోజులు సెలవన్నా అని ఒకటి, అసలు ఈస్టర్ అనే మాటకి అర్థం ఏంటన్నా అని ఇంకోటి. మొదటిది ఈజీ. గుడ్ ఫ్రైడే, ఈస్టర్ మండే రెండూ బ్యాంక్ హాలిడేలు, అంటే ఇక్కడి పబ్లిక్ హాలిడేలు, తర్వాత మంగళవారం నుంచి శుక్రవారం దాకా నాలుగు రోజులు లీవ్ పెడితే మొత్తం 10 రోజులొస్తాయి, ఊరెళ్ళి రావచ్చు, కాకపోతే జనవరిలోనే అడగండి, పిల్లలున్న కొలీగ్స్ స్కూలు సెలవులు చూసుకుని ముందే పెట్టేసుకుంటారు. స్కాట్లాండ్‌లో ఈస్టర్ మండే బ్యాంక్ హాలిడే కాదు, మీ కంపెనీ ఇస్తుందో లేదో కనుక్కోండి.

రెండోదానికి ముందు నా పరువు పోయిన సంగతి చెప్పాలి. వచ్చిన ఏడాది గురువారం సాయంత్రం లిఫ్ట్ దగ్గర మా మేనేజర్‌కి హ్యాపీ గుడ్ ఫ్రైడే అని చెప్పా. ఆవిడ చర్చికెళ్ళే మనిషి, ఒక్క క్షణం నా మొహం చూసి థాంక్యూ అని వెళ్ళిపోయింది. మా బాపట్ల వైపు ఆ రోజు మధ్యాహ్నం 12 నుంచి 3 దాకా మైకులో సిలువ మీద పలికిన ఏడు మాటల ప్రసంగాలు వింటా పెరిగినోణ్ణి, అది యేసు చనిపోయిన రోజని నాకు తెలీదా, తెలుసు, కానీ గుడ్ అని ఉంది కదా, నోరు జారింది. ఇక్కడ గుడ్ అంటే పాత ఇంగ్లీషులో పవిత్రం అని. జర్మన్లైతే కార్‌ఫ్రైటాగ్ అంటారు, దుఃఖపు శుక్రవారం అన్నట్టు. గురువారం ఆఫీసు నుంచి వెళ్తూ హ్యాపీ ఈస్టర్ అనండి, చాలు.

ఇక ఈస్టర్ మాట. ప్రతి ఏడూ వాట్సాప్‌లో ఒకటి తిరుగుద్ది, ఈస్టర్ అంటే బాబిలోన్ దేవత ఇష్తార్, పేరు ఒకేలా ఉంది చూశారా అని. దయచేసి లంచ్ టేబుల్ దగ్గర అది వల్లించకండి. ఈస్టర్ అనే పేరు ఇంగ్లీషు, జర్మన్ లాంటి కొద్ది భాషల్లోనే ఉంది. ఫ్రెంచోళ్ళు పాక్ అంటారు, ఇటలీవాళ్ళు పాస్క్వా, స్పెయిన్‌లో పాస్కువా, అన్నీ గ్రీకు పాస్ఖా నుంచి వచ్చినవే, దానికి మూలం హీబ్రూ పెసఖ్, ఐగుప్తు బానిసత్వం నుంచి బయటపడ్డందుకు యూదులు చేసుకునే పండగ. మన తెలుగు బైబిల్లో పస్కా పండుగ అని ఉంటుందే, అదే ఇది. అంటే మా ఊరి చర్చిలో ముసలమ్మ నోట వచ్చే పస్కా అన్న మాటే ఇంగ్లీషువాళ్ళ మాటకంటే అసలుకి దగ్గర!

మరి ఇంగ్లీషువాళ్ళకి ఆ పేరు ఎట్లా వచ్చింది? న్యూకాసిల్ దగ్గర జారోలో బీడ్ అనే సన్యాసి ఉండేవాడు. ఆయన 725లో కాలగణన మీద పుస్తకం రాస్తూ, మా పూర్వీకులు ఇంచుమించు ఏప్రిల్‌కొచ్చే నెలని ఎయోస్ట్రె అనే దేవత పేరుతో పిలిచేవాళ్ళు, పండక్కి ఆ పేరే ఉండిపోయింది అన్నాడు. ఆ దేవత సంగతి పాతకాలంలో రాసింది ఆయనొక్కడే, అందుకని ఆవిడ నిజంగా ఉందా లేదా అని పండితులు ఇప్పటికీ కొట్టుకుంటానే ఉన్నారు. మాట వరకూ వస్తే, దాన్ని తూర్పు, తెల్లవారడం అనే అర్థాలున్న పాత వేరు దగ్గరికే తీసుకెళ్తారు, ఈస్ట్ దానికి చుట్టం, గ్రీకుల ఎయోస్, రోమన్ల అరోరా, మన ఉషస్సు కూడా అదే కుటుంబం. మా అమ్మాయి ఇది స్కూల్లో చెబితే టీచరు అప్పటికప్పుడు నెట్‌లో చూసుకుని మరీ ఒప్పుకుందంట. మా వైపు ఈస్టర్ నాడు ఇంకా చీకటుండగానే సమాధుల దగ్గరికెళ్ళి పూలు పెట్టి కొవ్వొత్తులు వెలిగిస్తారు, ఆడవాళ్ళు యేసు సమాధి దగ్గరికెళ్ళి అది ఖాళీగా ఉండటం చూసింది తెల్లారగట్టే కదా.

తేదీ ఎందుకు మారుద్దో పంచాంగం చూసే మనకి తొందరగా ఎక్కుద్ది. మార్చి 21న గానీ తర్వాత గానీ చర్చి లెక్కల్లో వచ్చే పౌర్ణమి చూసుకుని, ఆ తర్వాత ఆదివారం. 2024లో హోలీ మార్చి 25, ఈస్టర్ 31న. 2026లో చైత్ర పౌర్ణమి ఏప్రిల్ 2, ఈస్టర్ 5న. గ్రీకు, రొమేనియా కొలీగ్స్ ఉంటే వాళ్ళ చర్చిది పాత జూలియన్ క్యాలెండర్ లెక్క, 2026లో వాళ్ళకి ఏప్రిల్ 12, ఆ రోజు గుర్తుపెట్టుకుని విష్ చేస్తే ఎంత సంబరపడతారో.

ఈస్టర్‌కి ఈ చాక్లెట్ గుడ్ల గోలేంటంటారా, లెంట్ అంటే ఈస్టర్‌కి ముందొచ్చే ఉపవాసాల కాలం, మనవాళ్ళ శ్రమకాలం, ఆ 40 రోజులూ పూర్వం గుడ్లు తినేవాళ్ళు కాదు, కోళ్ళు మాత్రం పెట్టడం ఆపవు కదా, పోగైనవన్నీ పండగనాడు బయటికొచ్చేవి. బ్రిటన్‌లో మొదటి చాక్లెట్ గుడ్డు 1873లో బ్రిస్టల్ ఫ్రై కంపెనీవాళ్ళు చేశారు.

ఆదివారం మాత్రం జాగ్రత్త. ఇంగ్లండ్, వేల్స్‌లో 280 చదరపు మీటర్లు దాటిన షాపులు ఈస్టర్ ఆదివారం తెరవకూడదని చట్టం, నేను మొదటేడు ఆరుగురు ఫ్రెండ్స్‌ని భోజనానికి పిలిచి పెరుగు కోసం మూడు సూపర్‌మార్కెట్లు తిరిగా, చివరికి సందు చివర చిన్న షాపులో చిన్న డబ్బాలు దొరికాయి, అవీ స్ట్రాబెరీవి. పాలు, పెరుగు శనివారమే తెచ్చుకోండి. ట్రైన్ ఎక్కేవాళ్ళు రూట్ ముందే చూసుకోండి, పట్టాల రిపేర్లు చాలా ఈ నాలుగు రోజుల్లో పెట్టుకుంటారు.