వదినకు స్లీవ్ చేశారు.. నాకు బైపాస్ ఎందుకు?

ప్రశ్న: నా వయసు 44. ఎత్తు 158 సెంటీమీటర్లు, బరువు 112 కిలోలు. ఎనిమిదేళ్లుగా షుగర్ ఉంది. మూడు రకాల మాత్రలు వాడుతున్నా హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్) 9 కంటే దిగడం లేదు. రాత్రి పడుకోగానే ఛాతీలో మంట, పుల్లటి తేన్పులు. మోకాళ్ల నొప్పికి దాదాపు రోజూ మాత్ర వేసుకుంటాను. మా వదిన రెండేళ్ల కిందట బరువు తగ్గడానికి స్లీవ్ ఆపరేషన్ చేయించుకుని 35 కిలోలు తగ్గింది. నన్ను చూసిన డాక్టర్ మాత్రం బైపాస్ అంటున్నారు. ఆ పేరు వింటేనే టెన్షన్‌గా ఉంది. నాకు స్లీవ్ సరిపోదా?
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: ముందు ఆ పేరు సంగతి చూద్దాం. ఇది గుండెకు చేసే బైపాస్ కాదమ్మా. జీర్ణాశయం పైభాగాన్ని సుమారు 30 మిల్లీలీటర్లు పట్టే చిన్న సంచిలా విడదీసి, దాన్ని నేరుగా చిన్నపేగుకు కలుపుతారు. స్లీవ్‌లో పేగు జోలికి వెళ్లరు. జీర్ణాశయంలో దాదాపు మూడొంతులు కోసి తీసేసి, మిగిలినదాన్ని సన్నని గొట్టంలా చేస్తారు. రెండూ చిన్న రంధ్రాల ద్వారా చేసేవే.

మీ బీఎంఐ (ఎత్తుకు బరువు ఎంత ఉందో చెప్పే అంకె) దాదాపు 45. ఆపరేషన్ అవసరమా అన్న ప్రశ్నకు ఈ అంకె జవాబు చెబుతుంది కానీ, ఏ ఆపరేషన్ అన్నది చెప్పదు. అది మీరు రాసిన మిగతా విషయాలను బట్టి తేలుతుంది.

నాకు అన్నిటికంటే ముఖ్యంగా కనిపించింది ఛాతీలో మంట. స్లీవ్ తర్వాత ఆ సన్నని గొట్టంలో ఒత్తిడి పెరిగి, యాసిడ్ పైకి ఎగదన్నే అవకాశం ఉంది. ఉన్న మంట పెరగొచ్చు, లేనివాళ్లకు కొత్తగా రావచ్చు. ఆ బాధ భరించలేక స్లీవ్‌ను మళ్లీ బైపాస్‌గా మార్పించుకునేవాళ్లూ ఉన్నారు. బైపాస్‌తో సాధారణంగా ఈ మంట తగ్గుతుంది. అందుకే ముందు ఎండోస్కోపీ చేయించుకోండి. అన్నవాహిక కింది భాగంలో లోపలి పొర మారినట్టు తేలితే ఇక స్లీవ్ మాట మరిచిపోవచ్చు.

రెండోది షుగర్. జబ్బు వచ్చి ఎన్నేళ్లయింది, ఎన్ని మందులు వాడుతున్నారు, ఇన్సులిన్ దాకా వెళ్లారా, హెచ్‌బీఏ1సీ ఎంత అన్నవి చూస్తాం. మీలాంటి స్థితిలో షుగర్ అదుపులోకి రావడానికి స్లీవ్ కన్నా బైపాస్‌కే అవకాశం ఎక్కువ. మందులు పూర్తిగా మానేయొచ్చని మాత్రం నేను మాట ఇవ్వను.

ఇక చిక్కంతా మోకాళ్ల మాత్రల దగ్గరే. డైక్లోఫినాక్, ఐబుప్రొఫెన్ లాంటి మాత్రలు బైపాస్ తర్వాత వేసుకుంటే అతుకు వేసిన చోట పుండు పడి రక్తస్రావం కావచ్చు. పొగ తాగినా ఆ ప్రమాదమే. నొప్పి మాత్ర మానలేనివాళ్లకు మేం స్లీవ్ వైపు చూస్తాం. కానీ మీ మోకాళ్లు మోస్తున్నది 112 కిలోలు! బరువు తగ్గితే నొప్పీ తగ్గుతుంది. పైగా షుగర్ ఉన్నవాళ్లు రోజూ ఈ మాత్రలు మింగడం కిడ్నీలకు మంచిది కాదు. క్రియాటినిన్ పరీక్ష చేయించుకోండి. ఎముకల డాక్టర్‌ను కలిసి పారాసెటమాల్, ఫిజియోథెరపీతో నెట్టుకురాగలరేమో ఆపరేషన్‌కు ముందే తేల్చుకోండి. అది కుదిరితే మీ డాక్టర్ చెప్పినదే నా మాట కూడా.

మన దగ్గర మినీ బైపాస్ (రెండు అతుకులకు బదులు ఒకే అతుకుతో చేసే బైపాస్) కూడా బాగానే చేస్తున్నారు. షుగర్‌కు మంచిదే. కాకపోతే పైత్యరసం పైకి ఎగదన్నే అవకాశం ఉంది కాబట్టి, ఇప్పటికే మంట ఉన్న మీకు నేను దాన్ని సూచించను.

ఏది చేయించుకున్నా బీ12, ఐరన్, కాల్షియం, విటమిన్-డి మాత్రలు జీవితాంతం వాడాలి. బైపాస్ అయితే ఈ విషయంలో ఇంకా కచ్చితంగా ఉండాలి. ఏడాది తిరిగేసరికి సన్నబడ్డాం కదా అని వీటిని ఆపేసి, నీరసంతో వచ్చేవాళ్లను ఓపీలో చూస్తూనే ఉంటాను. షుగర్ మందులు కూడా ఆపరేషన్ అయిన కొద్ది రోజుల్లోనే తగ్గించాల్సి రావచ్చు. సొంతంగా మాత్రం మార్చుకోకండి.

ఖర్చు గురించి మీరు అడగలేదు కానీ చెబుతున్నా. ఆరోగ్య బీమా ఉంటే పాలసీ చూసుకోండి. బీఎంఐ 40 దాటినవాళ్లకు డాక్టర్ సలహాతో చేసే ఈ ఆపరేషన్‌ను చాలా పాలసీలు కవర్ చేస్తాయి. వెయిటింగ్ పీరియడ్ మాత్రం ఉండొచ్చు.

మీ వదినను కూడా ఒక మాట అడగండి, ఆపరేషన్ తర్వాత ఛాతీలో మంట ఏమైనా మొదలైందా అని. అవునంటే, మీతో పాటు ఆవిడనూ ఎండోస్కోపీకి తీసుకెళ్లండి.