పాఠకుల సందేహాలు: బిల్లు వీగినా పడిపోని ప్రభుత్వం

ప్రశ్న: మా అమ్మాయి, అల్లుడు అమెరికాలో ఉంటున్నారు. 2025 అక్టోబరు 1 నుంచి 43 రోజుల పాటు అక్కడి కేంద్ర ప్రభుత్వ కార్యకలాపాలు చాలావరకు నిలిచిపోయాయని వారు చెబితే ఆశ్చర్యపోయాను. అధ్యక్షుడిదీ, ఉభయ సభల్లో ఆధిక్యం ఉన్నవారిదీ ఒకే పార్టీ అయినప్పుడు ఖర్చుల బిల్లు ఎందుకు నెగ్గలేదు? నెగ్గనప్పుడు ప్రభుత్వం ఎందుకు రాజీనామా చేయలేదు?
– ఒక గృహిణి, తిరుపతి

జవాబు: మీ రెండో ప్రశ్నలోనే అసలు విషయం ఉంది కాబట్టి ముందు దానికి జవాబు చెబుతాను. మన రాజ్యాంగంలోని 75వ అధికరణం ప్రకారం మంత్రిమండలి లోక్‌సభకు సమష్టిగా బాధ్యత వహిస్తుంది. 1999 ఏప్రిల్ 17న వాజ్‌పేయి ప్రభుత్వం 269–270 ఓట్ల లెక్కతో, ఒకే ఒక్క ఓటు తక్కువై పడిపోయింది ఈ సూత్రం వల్లనే. అమెరికాలో ప్రభుత్వం సభలో నుంచి పుట్టదు. అధ్యక్షుడు నాలుగేళ్లకు, ప్రతినిధుల సభలోని 435 మంది రెండేళ్లకు, సెనేట్‌లోని 100 మంది ఆరేళ్లకు వేర్వేరుగా ఎన్నికవుతారు. బిల్లు వీగిపోయిందన్న కారణంతో సభ అధ్యక్షుణ్ణి దించలేదు, మొండికేసిందన్న కోపంతో అధ్యక్షుడు సభను రద్దు చేయలేడు. మన పత్రికలు అమెరికా ‘మధ్యంతర ఎన్నికలు’ అని రాసేవి కూడా క్యాలెండరు ప్రకారం రెండేళ్లకొకసారి తప్పనిసరిగా జరిగేవే. ఆ మాట మనవాళ్లకు సభ రద్దయిందన్న అర్థాన్ని స్ఫురింపజేస్తోంది కనుక, దానికి వేరే మాట వాడితే బాగుంటుందని నా అభిప్రాయం.

ఈ ఎడం మంత్రుల విషయంలోనూ కనిపిస్తుంది. ఇక్కడ మంత్రి అయినవారు ఆరు నెలల్లోగా ఏదో ఒక సభలో సభ్యత్వం పొందాలి, అక్కడ మంత్రి కావాలంటే ఉన్న సభ్యత్వాన్ని వదులుకోవాలి. న్యూయార్క్ సెనేటరుగా ఉన్న హిల్లరీ క్లింటన్ 2009లో విదేశాంగ మంత్రి అయ్యేందుకు సెనేట్‌కు రాజీనామా చేశారు.

ఇక మీ మొదటి ప్రశ్న. సెనేట్‌లో అధికార పక్షానికి 53 మంది ఉన్నా అది సరిపోలేదు. అక్కడ ఎక్కువ బిల్లుల మీద చర్చను ముగించి ఓటింగుకు వెళ్లాలంటే 60 మంది ఒప్పుకోవాలి. ఈ నియమం రాజ్యాంగంలో ఎక్కడా లేదు, సెనేట్ తనకు తాను పెట్టుకున్నది. రాజ్యాంగం చెప్పిందల్లా చట్టసభ అనుమతి లేనిదే ఖజానా నుంచి డబ్బు తీయరాదని. ఈ రెండూ కలిసి ఆ 43 రోజుల స్తంభనకు దారితీశాయి. ప్రతిపక్షం నుంచి కొందరు సెనేటర్లు కలిసివచ్చాకే దారి తెరుచుకుంది. ఈలోగా విమానాశ్రయాల తనిఖీ సిబ్బంది, విమానాల రాకపోకలను నియంత్రించే ఉద్యోగులు జీతం చేతికి రాకుండానే విధులు నిర్వర్తించారు. మన దగ్గర బడ్జెట్ ఆలస్యమైతే ఓటాన్ అకౌంట్ (అప్పటివరకు అయ్యే ఖర్చులకు లోక్‌సభ ముందుగా ఇచ్చే తాత్కాలిక అనుమతి) ఉంది, లోక్‌సభ డబ్బు ఇవ్వనంటే ప్రభుత్వమే తప్పుకుంటుంది. నేతల పంతానికి చిరుద్యోగి ఇల్లు పస్తుండే పరిస్థితి రానివ్వని మన పద్ధతే ఈ ఒక్క విషయంలో మెరుగని నేను గట్టిగా నమ్ముతాను.

అధ్యక్షుణ్ణి అసలు తొలగించలేరా అంటే, అభిశంసన ఉంది. అయితే అది నేరారోపణ మీద జరిగే విచారణ, దానికి విశ్వాస పరీక్షతో పోలిక లేదు. ప్రతినిధుల సభ సాధారణ ఆధిక్యంతో అభియోగం మోపితే, సెనేట్ విచారించి మూడింట రెండు వంతుల ఓట్లతో తీర్పు చెప్పాలి. 1868లో ఆండ్రూ జాన్సన్‌పై విచారణ జరిగినప్పుడు 36 ఓట్లు కావలసి ఉండగా 35 మాత్రమే వచ్చాయి. వాజ్‌పేయి పదవిని తీసుకుపోయిన ఆ ఒక్క ఓటే అక్కడ జాన్సన్ పదవిని నిలబెట్టింది. ఇంతవరకు ఏ అధ్యక్షుడూ సెనేట్ తీర్పుతో పదవి కోల్పోలేదు. నిక్సన్ 1974లో అభిశంసన తప్పదని తెలిసి తానే రాజీనామా చేశారు.

ప్రశ్న: అక్కడి స్పీకరు మన స్పీకరులాగే తటస్థంగా ఉంటారా?
– డిగ్రీ విద్యార్థి, చిత్తూరు

జవాబు: ఉండరు. మన తిరుచానూరులో పుట్టి, మొదటి లోక్‌సభకు తిరుపతి నుంచి, రెండో లోక్‌సభకు మీ చిత్తూరు నుంచి ఎన్నికై, 1956 నుంచి 1962 వరకు స్పీకరుగా పనిచేసిన అనంతశయనం అయ్యంగారి పేరు మీరు వినే ఉంటారు. ఆ పీఠంలో కూర్చున్నవారు పార్టీ పనులకు దూరంగా ఉండాలని, ఇరుపక్షాల ఓట్లు సమానమైనప్పుడే తమ ఓటు వేయాలని మన సంప్రదాయం. అమెరికా ప్రతినిధుల సభ స్పీకరు ఆధిక్య పక్షానికి నాయకుడు. ఏ బిల్లు ఎప్పుడు సభ ముందుకు రావాలో చాలావరకు ఆయనే నిర్ణయిస్తారు. అధ్యక్ష పదవి ఖాళీ అయితే ఉపాధ్యక్షుడి తరువాతి వరుస కూడా ఆయనదే. 2023 అక్టోబరులో సొంత పార్టీలోని కొందరు ఎదురు తిరగడంతో కెవిన్ మెకార్తీ 216–210 ఓట్లతో పదవి కోల్పోయారు. కొత్త స్పీకరును ఎన్నుకునేవరకు మూడు వారాల పాటు ఆ సభలో చట్టాల పని ఆగిపోయింది. అధ్యక్షుడి కార్యాలయం మాత్రం ఎప్పటిలాగే నడిచింది.